నాలుగోసారి బైండోవర్‌కు పిలిచినప్పుడు

2024 మార్చి 16న ఎన్నికల షెడ్యూలు వచ్చింది. ఆ తర్వాత పది రోజులకు స్టేషన్ నుంచి నాకు ఫోన్ వచ్చింది. షాపులో కాలిపోయిన బోరు మోటారు విప్పుకుని కూర్చున్నాను. "అన్నా, రేపు పొద్దున పది గంటలకు స్టేషన్‌కు రావల్ల. ఆధార్ జిరాక్సు, రెండు ఫొటోలు తెచ్చుకో" అన్నాడు కానిస్టేబుల్. ఎందుకని నేను అడగలేదు. ఎలక్షన్ వస్తే ఆ ఫోన్ వస్తుంది, బైండోవర్‌కు, అంటే గొడవ చేయనని బాండు రాసివ్వడానికి. 2014లో వచ్చింది, 2019లో వచ్చింది, 2021 పంచాయతీ ఎన్నికలకూ వచ్చింది. ఇది నాలుగోసారి.

మాది అనంతపురం జిల్లాలో ఒక పల్లె. పేరు రాస్తే ఇందులో వచ్చే మనుషులంతా ఎవరెవరో తెలిసిపోతుంది కాబట్టి రాయడం లేదు. పోలీసుల లెక్కలో మాది అత్యంత సమస్యాత్మక గ్రామం. ఆ ముద్ర ఊరికే పడలేదు. 1996లో మా చిన్నాయనను తాడిపత్రి నుంచి వస్తుంటే దారి కాచి నాటు బాంబులు వేసి చంపారు. అప్పుడు నాకు 14 ఏళ్లు. ఆ తర్వాత ఏడాదికి ఎదుటి వర్గంలో ఒకాయన పోయాడు. మా ఊర్లో రెండు వీధుల మధ్య ఒక బండి పట్టేంత సందు ఉంది. చాలా ఏళ్లు ఆ సందు దాటి అవతలికి పోవాలంటే పొద్దు ఉండగానే పోయి రావాల్సిందే. కాబట్టి పోలీసులు వద్దనే మనిషిని కాను నేను. పికెట్ ఉన్న రాత్రి మా అమ్మ నిద్రపోతుంది, లేని రాత్రి పోదు. ఇది చిన్నప్పటి నుంచి చూస్తున్నాను.

నా పేరు పోలీసుల దగ్గరికి ఎట్లా పోయిందో కూడా చెప్పాలి. 2009 ఎన్నికల రోజు నేను ఓటు క్యూలో నిలబడి ఉన్నాను. పోలింగు బూతు బయట రెండు వర్గాలు కొట్టుకున్నాయి. రెండు వైపులా కేసులు పెట్టారు. ఎదుటి వాళ్లిచ్చిన కంప్లైంటులో 14 పేర్లు. నేను ఏ-9, అంటే తొమ్మిదో ముద్దాయిని. సెక్షన్లు 147, 148, 324, అంటే గుంపుగా అల్లరి, ఆయుధాలతో కొట్టడం. నాలుగేళ్లు వాయిదాలకు తిరిగాను. 2013లో కోర్టు కేసు కొట్టేసింది. దెబ్బలు తిన్న మనిషే నన్ను అక్కడ చూడలేదని సాక్ష్యంలో చెప్పాడు. దానితో అయిపోయిందనుకున్నాను. కానీ 2014లో ఫోన్ వచ్చింది.

మొదటి మూడుసార్లు నేను చూపించిన చోట సంతకం పెట్టి వచ్చాను. అందరూ అదే చేస్తారు. "ఒక సంతకమే కదప్పా" అంటారు. తహసీల్దారు ఆఫీసులో వరసగా నిలబెడతారు, బాండు పేపరు మీద వేలితో చూపిస్తారు, పెట్టేసి టీ తాగి ఇంటికి వస్తాం. అందులో ఏం రాసి ఉందో నేను ఎప్పుడూ చదవలేదు. చదవడం రాక కాదు. ఐటీఐ చేసినవాణ్ని. స్టేషన్ నుంచి పిలుపు వస్తే ఎంత తొందరగా బయటపడతామా అనే టెన్షన్‌లో అక్షరాలు కంటికి ఆనవు.

ఈసారి ఆ వరుసలో ఒక పేరు నన్ను ఆపింది.

మరుసటి రోజు స్టేషన్ వరండాలో మా ఊరివాళ్లం పది మంది కూర్చున్నాం. హెడ్ కానిస్టేబుల్ లిస్టు పట్టుకుని పేర్లు పిలుస్తున్నాడు. పదకొండో పేరు మా పెద్దనాయన కొడుకుది. ఎవరూ పలకలేదు. "యాడికి పోయినాడు, రాలేదా?" అన్నాడు. "చనిపోయినాడు సార్, 2020లో, కోవిడ్‌తో" అని నేనే చెప్పాను. ఆయన ఒక్క క్షణం తలెత్తి చూసి, "డెత్ సర్టిఫికెట్ తెచ్చియ్యమను" అని కాగితం మడిచాడు.

ఆ మాట నాకు చాలాసేపు వదల్లేదు. మా అన్న పోయి నాలుగేళ్లు. నడుమ 2021లో కూడా ఈ లిస్టు బయటికి తీశారు. అయినా ఆయన పేరు అట్లాగే ఉంది. చనిపోయిన మనిషి శాంతికి భంగం కలిగిస్తాడేమోనని ఒక కాగితం చెబుతోందంటే, బతికున్న మా పది మంది గురించి మాత్రం ఎవరు చూశారు? పాత లిస్టు మీద తేదీ మార్చారు, అంతే.

ఎస్సై మర్యాదగానే మాట్లాడాడు. అది దాచకూడదు. "ఎలక్షన్ టైము. మండలంలో ఇన్ని ఊర్లున్నాయి, నా దగ్గర ఇంతమందే ఉన్నారు. మీరంతా బాండు ఇస్తే నాకు ఒక ధైర్యం. సహకరించండి" అన్నాడు. ఆయన మాటలో అబద్ధం లేదు. మా ఊర్లో ఏదైనా జరిగితే ముందు సమాధానం చెప్పాల్సింది ఆయనే. నేను లేచి, "సార్, నా మీద కేసు 2013లోనే కొట్టేసినారు. ఈ బాండు దేనికి అని కాగితం మీద ఇస్తారా?" అని అడిగాను. పక్కన కూర్చున్నవాళ్లు నా చొక్కా పట్టి లాగారు. ఎస్సై కోపపడలేదు. "అది తహసీల్దారు చూసుకుంటాడు, అక్కడ అడుగు" అన్నాడు.

తహసీల్దారు ఆఫీసులో బాండు చేతికిచ్చారు. మొదటిసారి చదివాను. లక్ష రూపాయలకు పూచీకత్తు, ఏడాది కాలం, ఇద్దరు ష్యూరిటీలు (జామీనుదారులు), వాళ్ల పట్టాదారు పాస్‌బుక్ జిరాక్సులు. కారణం రాయాల్సిన చోట ఏమీ లేదు. తేదీ కూడా వేయలేదు. గుమస్తాను కాపీ అడిగితే ఇది ఇచ్చేది కాదన్నాడు. "అట్లయితే రెండు రోజులు టైము ఇవ్వండి సార్, లాయరును అడిగి వస్తా" అని బయటికి వచ్చాను. కాళ్లు వణికాయి. మిగిలిన తొమ్మిది మంది ఆ పొద్దే సంతకాలు పెట్టేశారు. వాళ్లను నేను తప్పు పట్టను.

ఇంటికి పోతే అమ్మ ఏడ్చింది. "వాళ్లతో పెట్టుకోవద్దు నాయనా, సంతకం పెట్టేసి రా. మీ చిన్నాయన మాదిరి నిన్ను పోగొట్టుకోలేను" అంది. అమ్మకు ఇదంతా ఒకటే భయం. బాంబు, కేసు, స్టేషన్ అన్నీ ఒకే తాడుకు కట్టినట్టు. నా భార్య మాత్రం 2013 జడ్జిమెంటు సర్టిఫైడ్ కాపీని ట్రంకు పెట్టె అడుగు నుంచి తీసి నా చేతిలో పెట్టింది. ఆ పెట్టెలోనే చిన్నాయన హత్య కేసు ఎఫ్‌ఐఆర్ కాపీ కూడా ఉంటుంది.

అనంతపురం కోర్టు దగ్గర ఒక లాయరు గారిని కలిశాను. ఏడు వేలు తీసుకున్నాడు. (డబ్బు లేనివాళ్లకు కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది, 15100 నంబరుకు ఫోన్ చేసినా చెబుతారు. నాకు అది తర్వాత తెలిసింది.) నేను చెప్పింది విని ఆయన సీఆర్‌పీసీ (అప్పటి నేర విచారణ చట్టం) పుస్తకం తెరిచి నా ముందుకు తిప్పాడు. "నువ్వే చదువు" అన్నాడు. ఆ సాయంత్రం నేను నేర్చుకున్నది ఇక్కడ వివరంగా రాస్తాను. మా ఊర్లో 15 ఏళ్లుగా సంతకాలు పెడుతున్న ఒక్కరికి కూడా ఇది తెలియదు.

బైండోవర్ అనేది శిక్ష కాదు. 107వ సెక్షన్ కింద, ఒక మనిషి శాంతికి భంగం కలిగించవచ్చని సమాచారం వస్తే, అతన్ని ఏడాదికి మించకుండా బాండు ఎందుకు ఇవ్వకూడదో చెప్పమని ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ అడగవచ్చు. మన దగ్గర ఆ మేజిస్ట్రేట్ తహసీల్దారే. గమనించండి, "బాండు ఇవ్వు" అని కాదు, "ఎందుకు ఇవ్వకూడదో చెప్పు" అని. ఆ అడగడం కూడా నోటిమాటగా కుదరదు. 111 ప్రకారం రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. వచ్చిన సమాచారం సారాంశం ఏమిటి, బాండు ఎంత, ఎంత కాలం, ష్యూరిటీలు ఎందరు, ఎట్లాంటి వాళ్లు అన్నీ అందులో ఉండాలి. మనిషి ఎదురుగా ఉంటే చదివి వినిపించాలి, కావాలంటే అర్థం చెప్పాలి. సమన్లు పంపితే దానితో పాటు ఆ ఉత్తర్వు కాపీ పంపాలి. ఆ తర్వాత 116. అక్కడ ఆయన వేలు పెట్టి ఆపాడు. అందిన సమాచారం నిజమా కాదా అని మేజిస్ట్రేట్ విచారించాలి. సాక్ష్యం తీసుకోవాలి. ఆరు నెలల్లో ముగించాలి. లేకపోతే, ప్రత్యేక కారణాలు రాసి పొడిగిస్తే తప్ప, కేసు దానంతటదే ఆగిపోతుంది. నిజమని తేలితే 117 కింద బాండు, తేలకపోతే 118 కింద వదిలేయాలి.

"నిజమా కాదా" అనే ఆ ప్రశ్న చట్టంలోనే ఉంది. మూడు ఎన్నికల్లో నన్ను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. నాకు కావాల్సింది అదొక్కటే అని ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు అర్థమైంది.

మరి విచారణ పూర్తయ్యేలోపు ఎన్నికలే అయిపోతాయి కదా అని నేనే అడిగాను. నవ్వకుండా చెప్పాడు. "అందుకే 116లో మూడో క్లాజు ఉంది. అర్జంటు అనుకుంటే కారణాలు రాసి, విచారణ ముగిసేదాకా మధ్యంతర బాండు అడగవచ్చు. కానీ ముందు విచారణ మొదలుపెట్టాలి. మొదలుపెట్టకుండా బాండు రాయించుకోకూడదు." ఇది 1970లో మధు లిమాయే కేసులో సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల బెంచి చెప్పిన మాట అట. మధు లిమాయే అంటే సోషలిస్టు నాయకుడు, బీహారులో ముంగేరు దగ్గర ఆయన మీద ఇట్లాంటి కేసే పెట్టారు. ఈ సెక్షన్లు రాజ్యాంగానికి విరుద్ధమని వాదిస్తే కోర్టు ఒప్పుకోలేదు. సెక్షన్లు ఉండాల్సిందే అంది. కానీ మనిషి స్వేచ్ఛకు సంబంధించినవి కాబట్టి అందులో చెప్పిన ప్రతి మెట్టూ ఎక్కాలి అంది. నాకు ఆ తీర్పు నచ్చింది. మా చిన్నాయన లాంటి వాళ్ల ప్రాణానికీ, నా లాంటి వాళ్ల పేరుకూ అందులో చోటు ఉంది.

రెండు రోజుల తర్వాత తహసీల్దారుకు ఒక పేజీ అర్జీ ఇచ్చాను. 111 ఉత్తర్వు కాపీ ఇవ్వమని, విచారణ జరపమని. 2013 జడ్జిమెంటు జత చేశాను. రసీదు వేయించుకున్నాను. ఇన్‌వర్డ్ నంబరు వేయడానికే అరగంట నిలబెట్టారు. ఉగాది దాటిన మూడో రోజు కాపీ వచ్చింది. కేసు నంబరు వేసి ఉంది. అందులో నా గురించి ఐదు లైన్లు. "ఇతను గ్రామంలో ఒక వర్గానికి చెందినవాడు. 2009లో ఒక క్రిమినల్ కేసులో ముద్దాయి. రానున్న ఎన్నికల్లో శాంతిభద్రతలకు భంగం కలిగించే అవకాశం ఉంది." కేసు కొట్టేసిన సంగతి లేదు. తర్వాత మిగతా తొమ్మిది మందివి కూడా అడిగి చూశాను. పేరు, తండ్రి పేరు, వయసు తప్ప ఐదు లైన్లూ అవే. మా అన్నది కూడా అట్లాగే తయారు చేసి పక్కన పెట్టారేమో చూడమని నేను అడగలేదు. అడిగే ధైర్యం లేకపోయింది.

విచారణ మొదలైందని తహసీల్దారు రికార్డులో రాశాడు. పోలింగు దగ్గర పడుతోందనీ, గ్రామం అత్యంత సమస్యాత్మకమనీ కారణం రాసి మధ్యంతర బాండు అడిగాడు. 50 వేలకు, ఒక్క ష్యూరిటీతో. లాయరు దీన్ని పైకోర్టులో ప్రశ్నించవచ్చన్నాడు. నేను వద్దన్నాను.

సంతకం పెట్టాను. ఈ మాట విని తర్వాత కొందరు, ఇంత చేసి చివరికి పెట్టావు కదా అన్నారు. నేను పోరాడింది సంతకం పెట్టకుండా ఉండడానికి కాదు. మా ఊర్లో ఎన్నికల ముందు నెల ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. ఆ నెలలో మనిషి అనుమానం మీద ఒక కాగితం అడగడం ప్రభుత్వానికి అవసరమే. చిన్నాయన పోయిన వారం ముందు ఎవరైనా పదిమంది దగ్గర ఇట్లాంటి కాగితం గట్టిగా తీసుకుని, ఆ దారిలో ఒక జీపు తిప్పి ఉంటే ఆయన బతికేవాడేమో. కారణం రాసి, గడువు పెట్టి, విచారణ చేస్తామని చెప్పి అడిగితే ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు. ఖాళీ కాగితం మీద అడిగితేనే ఉంది. నాకు ష్యూరిటీగా మా షాపు పక్కన టైర్ల పంచర్ వేసే ఆయన వచ్చాడు. ఆయనకు ఎకరంన్నర చీనీ (బత్తాయి) తోట ఉంది. పాస్‌బుక్ జిరాక్సు ఇస్తూ, "ఏమన్నా అయితే నా తోట పోతుందా?" అని మాత్రం అడిగాడు. తోట పోదని, నేను మాట తప్పితే ఆ 50 వేలు అడుగుతారని చెప్పాను. సరేనన్నాడు.

మే 13న పోలింగు జరిగింది. మా ఊర్లో ఏమీ కాలేదు. బూతు దగ్గర కేంద్ర బలగాలు ఉన్నాయి, హిందీ తప్ప రాదు వాళ్లకు, మజ్జిగ ఇస్తే కూడా తీసుకోలేదు. కానీ తాడిపత్రిలో ఆ రోజూ మర్నాడూ రాళ్లు రువ్వుకున్నారు. పల్నాడులో, చంద్రగిరిలో ఇంకా గొడవలు. ఎన్నికల సంఘం అనంతపురం, పల్నాడు ఎస్పీలను సస్పెండ్ చేసింది. సిట్ (ప్రత్యేక దర్యాప్తు బృందం) వేశారు. లెక్కింపు తర్వాత కూడా 15 రోజులు 25 కంపెనీల కేంద్ర బలగాలను రాష్ట్రంలో ఉంచమంది. టీవీలో ఆ వార్తలు చూస్తూ నేను ఒకటి ఆలోచించాను. జిల్లాలో ఎన్నో వేల మందిని బైండోవర్ చేసి ఉంటారు. చనిపోయినవాళ్లతో సహా. రాయి పట్టుకున్న చేతులు ఆ లిస్టులో ఎన్ని ఉన్నాయి? పాత పేర్లు మోస్తూ పోతే కొత్త చేతులు కంటికి ఆనవు. లిస్టు సరిగ్గా ఉండాలని నేను అడిగింది నా కోసమే కాదు, పోలీసుల పని కోసం కూడా.

లెక్కింపుకు రెండు రోజుల ముందు, జూన్ 2న రాత్రి, పన్నెండు దాటాక తలుపు దబదబా బాదారు. మా ఇంట్లో ఆ చప్పుడు ఏమిటో చెప్పాలంటే 1996కు పోవాలి. చిన్నాయన పోయిన రాత్రి ఆ వార్త వచ్చింది కూడా అట్లాగే, తలుపు మీద దెబ్బలతోనే. అమ్మ మంచం మీద నుంచి లేవబోయి పడిపోయింది. తలుపు తీస్తే ఇద్దరు కానిస్టేబుళ్లు. "ఉన్నావా లేవా చూసిపోదామని" అన్నారు. లోపలికి వచ్చి గదులు చూశారు. మా అమ్మాయి పదో తరగతి అయిపోయి ఇంట్లో ఉంది, దుప్పటి కప్పుకుని గోడ వైపు తిరిగి పడుకుంది. ఫొటో తీసుకున్నారు, నాదే, వాకిట్లో నిలబెట్టి. పోయారు. అమ్మ మోచేయి చర్మం లేచిపోయింది, వేరే దెబ్బలేమీ తగల్లేదు. కానీ ఆ వారం అంతా రాత్రిళ్లు కూర్చునే ఉంది.

బాండు ఇచ్చిన మనిషి ఇంట్లోకి అర్ధరాత్రి రావచ్చా అని లాయరుకు ఫోన్ చేస్తే ఖరక్ సింగ్ గురించి చెప్పాడు. ఉత్తరప్రదేశ్ మనిషి. 1941లో ఒక దోపిడీ కేసులో పట్టుకుని సాక్ష్యం లేక వదిలేశారు. అయినా పోలీసులు అతని మీద హిస్టరీ షీటు (నిఘా పెట్టిన మనిషి రికార్డు) తెరిచారు. రాత్రిళ్లు వచ్చి తలుపు కొట్టేవాళ్లు, పిలిచేవాళ్లు, లేపేవాళ్లు. ఆయన సుప్రీంకోర్టుకు పోయాడు. 1962 డిసెంబరులో ఆరుగురు జడ్జీలు విన్నారు. నిఘా నియమాల్లో మిగతావి ఉంచి, రాత్రిపూట ఇంటికి వచ్చే నియమాన్ని కొట్టేశారు. అప్పట్లో ప్రైవసీ హక్కు లేదని అదే తీర్పులో ఎక్కువ మంది జడ్జీలు అన్నారు. ఆ మాటను 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీలు పుట్టస్వామి కేసులో తీసేశారు. వినగానే నా ఒళ్లు జలదరించింది. సాక్ష్యం లేదని వదిలేసిన కేసు, అయినా పేరు పోని లిస్టు, అర్ధరాత్రి తలుపు. నేను పుట్టక ముందే ఒక మనిషి ఇదంతా అనుభవించి, దీని కోసం కోర్టు మెట్లు ఎక్కాడు.

కోర్టుకు పోలేదు నేను. లెక్కింపు హడావుడి తగ్గాక ఒక సోమవారం అనంతపురంలో అర్జీలు తీసుకునే చోటికి పోయి ఒక అర్జీ రాసిచ్చాను. కానిస్టేబుళ్ల మీద చర్య అడగలేదు. వాళ్లు చెప్పింది చేశారు. "నన్ను చూడాలంటే పగలు షాపుకు రండి, ఫోన్ చేస్తే నేనే వస్తాను. రాత్రిపూట ఇంట్లోకి రావద్దు. ఇంట్లో 70 ఏళ్ల అమ్మ, చదువుకునే ఆడపిల్ల ఉన్నారు" అని రాశాను. ఆ రెండు తీర్పుల పేర్లు కింద రాశాను. ఎవరూ జవాబు రాయలేదు. కానీ మళ్లీ రాత్రి ఎవరూ రాలేదు. జూలైలో ఒకసారి పగటిపూట ఒక కానిస్టేబుల్ షాపుకు వచ్చి, స్టూలు మీద కూర్చుని, ఇంటి ఫ్యాను కాలిపోయిందని చెప్పి, సంతకం తీసుకుని పోయాడు.

విచారణ మాత్రం సాగింది, సాగింది. ఏప్రిల్, మే నెలల్లో ఎన్నికల పని అని వాయిదా. జూన్‌లో తహసీల్దారు బదిలీ. కొత్తాయన ఫైలు చూడాలని ఇంకో వాయిదా. జూలై 1 నుంచి సీఆర్‌పీసీ పోయి దాని స్థానంలో బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక సురక్షా సంహిత) వచ్చింది, 107 కాస్తా 126 అయింది, 116 ఇప్పుడు 135. ఆఫీసులో గుమస్తా కొత్త చట్టం వచ్చింది కదా, పాత కేసు ఏం చేయాలో తెలియదన్నాడు. అప్పటికే నడుస్తున్నవి పాత చట్టం ప్రకారమే పూర్తి చేయాలని కొత్త చట్టం 531లోనే ఉంది. లాయరు ఆ పేజీ జిరాక్సు ఇచ్చి పంపాడు. ప్రతి వాయిదాకు షాపు మూసేవాణ్ని. ఎండాకాలంలో నీళ్లు అడుక్కి పోయి మోటార్లు ఎక్కువ కాలుతాయి. మాకు సీజన్ అదే. ఎన్ని మోటార్లు వేరే షాపుకు పోయాయో లెక్క పెట్టలేదు. ఆరు నెలలు దాటేదాకా ఊరుకుంటే దానంతటదే పోతుంది కదా అని లాయరు కూడా ఒకసారి అన్నాడు. నాకు ఇష్టం లేదు. గడువు దాటి పోయింది అంటే లిస్టులో పేరు ఉంటుంది. నిజం కాదని రాస్తేనే పోతుంది.

సెప్టెంబరు రెండో వారంలో అసలు విచారణ జరిగింది. మొత్తం గంటన్నర. హెడ్ కానిస్టేబుల్ సాక్ష్యం చెప్పాడు. లాయరు మూడే ప్రశ్నలు అడిగాడు. 2009 కేసు ఏమైంది? "కొట్టేసినారు సార్." ఆ తర్వాత ఇతని మీద కొత్త కేసు ఏదైనా ఉందా? "లేదు సార్." ఈ ఎన్నికల్లో ఇతను గొడవ చేస్తాడని మీకు ఎవరు చెప్పారు? హెడ్ కానిస్టేబుల్ కాసేపు ఆగి, "లిస్టులో ఉంది సార్" అన్నాడు. ఆయన మీద నాకు కోపం రాలేదు. నిజం చెప్పాడు. వీఆర్వో వచ్చి, ఇతను మండల కేంద్రంలో మోటారు వైండింగ్ షాపు పెట్టుకున్నాడు, ఊర్లో గొడవల్లో లేడు అని చెప్పాడు.

నా తరఫున ఎవరైనా ఉన్నారా అని తహసీల్దారు అడిగాడు. నేను ఎవరినీ పిలవలేదు. అప్పుడు వెనక నుంచి ఒక పెద్దాయన లేచాడు. సందుకు అవతలి వీధి మనిషి. 2009లో ఆ కంప్లైంటు ఇచ్చిన కుటుంబం వాళ్లదే. వేరే పాస్‌బుక్ పని మీద ఆఫీసుకు వచ్చి ఈ గదిలో కూర్చున్నాడట. "సార్, మేము వాళ్ల మనుషులం కాదు. కానీ నా బోరు మోటారు మూడుసార్లు చుట్టిచ్చినాడు ఈ పిల్లోడు. రాత్రి పది గంటలకు తోటలోకి వచ్చి బిగిచ్చిపోయినాడు. ఆ రోజు పేరు రాపిచ్చినవాళ్లలో నేనూ ఉన్నా. గుంపులో రాపిచ్చినాము" అన్నాడు. తహసీల్దారు అది రాసుకున్నాడు. బయటికి వచ్చాక నేను ఆయన చేతులు పట్టుకున్నాను. ఆయన ఏమీ మాట్లాడలేదు. నాకూ మాట రాలేదు.

వారానికి ఉత్తర్వు వచ్చింది. ఒకే పేజీ. అందిన సమాచారానికి ఆధారం కనబడలేదని, 118 ప్రకారం నన్ను వదిలేస్తున్నానని, మధ్యంతర బాండు ఇంతటితో రద్దని. సర్టిఫైడ్ కాపీలు రెండు తీసుకున్నాను. ఒకటి ట్రంకు పెట్టెలోకి పోయింది. అమ్మ దాన్ని చిన్నాయన ఎఫ్‌ఐఆర్ ఉన్న కవరులోనే పెట్టింది. రెండోది స్టేషన్‌కు తీసుకుపోయాను. అక్కడ రికార్డులు రాసే రైటర్‌కు ఇచ్చి, లిస్టు రిజిస్టరులో నా పేరు పక్కన ఈ ఉత్తర్వు నంబరు రాయమని అడిగాను. వెంటనే రాయలేదు. రెండోసారి పోతే రాశాడు. నా కళ్ల ముందే.

మిగతా తొమ్మిది మంది బాండ్లు ఇంకా అప్పటికి నడుస్తూనే ఉన్నాయి. ఏడాదికి రాసిచ్చారు కాబట్టి. వాళ్లలో ముగ్గురు వచ్చి నా అర్జీ నమూనా అడిగి తీసుకుపోయారు. వచ్చే ఎన్నికలకు ఫోన్ వస్తే ముందు 130 ప్రకారం కాగితం అడుగుతామన్నారు. పాత 111 ఇప్పుడు కొత్త చట్టంలో 130.

అక్టోబరులో మా వదిన, చనిపోయిన అన్న భార్య, డెత్ సర్టిఫికెట్ పట్టుకుని మా షాపుకు వచ్చింది. "మీ అన్న పేరు ఆడ ఉండకూడదు మరిదీ, మా పిల్లోడు పెద్దోడవుతున్నాడు" అంది. షట్టరు సగం దించి ఆమెతో స్టేషన్‌కు పోయాను. రైటర్ సర్టిఫికెట్ చూసి, తేదీ రెండుసార్లు చదివి, రిజిస్టరు తెరిచాడు. స్కేలు పెట్టి ఎర్ర పెన్నుతో ఆ పేరు మీద గీత గీశాడు. పక్కన "మృతి" అని రాసి తేదీ వేశాడు. వదిన ఆ పేజీ కనబడేదాకా ముందుకు వంగి చూసింది.